జీగెన్ నుంచి రైన్ ఒడ్డుకి: డీ-టికెట్‌తో మా శని, ఆదివారాలు

జర్మనీకి మాస్టర్స్‌కి వచ్చేవాళ్లు నన్ను బ్లాక్డ్ అకౌంట్ (వీసా కోసం ముందే డబ్బు జమ చేసి, నెలనెలా కొంత తీసుకునే ఖాతా) గురించి అడుగుతారు, పార్ట్‌టైమ్ పనుల గురించి అడుగుతారు. దేశమంతటా ప్రాంతీయ రైళ్లు, బస్సులు ఎక్కనిచ్చే నెలవారీ పాస్ డీ-టికెట్ గురించి మాత్రం ఎవరూ అడగరు. సెమిస్టర్ ఫీజులో కలిసి వచ్చేస్తుంది కాబట్టి దాన్ని విడిగా ఎవరూ పట్టించుకోరు. ఈ మూడు సెమిస్టర్లలో నేను పెట్టిన ఖర్చుల్లో పూర్తిగా గిట్టుబాటైంది ఏదంటే అదే చెబుతాను.

పూర్తి పేరు డోయిచ్‌లాండ్‌టికెట్. 2023 మే నెలలో నెలకి 49 యూరోలతో మొదలైంది. 2025 జనవరిలో 58 అయింది, 2026 జనవరి నుంచి 63. ఇది చేతిలో ఉంటే దేశమంతటా ఆర్‌ఈ, ఆర్‌బీ అనే ప్రాంతీయ రైళ్లు, ఎస్‌బాన్ (శివారు రైళ్లు), ఊబాన్ (మెట్రో), ట్రాములు, సిటీ బస్సులు ఎన్నిసార్లైనా ఎక్కొచ్చు. ఐసీఈ, ఐసీ లాంటి దూరప్రయాణపు రైళ్లలో చెల్లదు. సెమిస్టర్ ఫీజులో ఈ టికెట్‌ని కలిపే యూనివర్సిటీల్లో విద్యార్థులకి అసలు ధరలో 60 శాతమే పడుతుంది. నేను 2024 అక్టోబరులో జీగెన్ అనే ఊళ్లో యూనివర్సిటీలో చేరినప్పుడు నెలకి 29.40 లెక్కన ఆరు నెలలకి 176.40 యూరోలు కట్టాను. తర్వాతి సెమిస్టర్‌కి 34.80 లెక్కన 208.80 అయింది. బ్లాక్డ్ అకౌంట్ నుంచి నెలకి 992 యూరోలు వస్తాయి. అందులో అద్దె, హెల్త్ ఇన్సూరెన్స్ పోగా మిగిలిన దాంట్లో బతకాలి కాబట్టి, ఫీజు కట్టేటప్పుడు ఈ మొత్తం కూడా బరువుగానే అనిపించింది.

మా గుంపులో ఐదుగురం. నలుగురం జీగెన్‌లో ఉంటాం. నాది రాజమండ్రి, నా రూమ్‌మేట్‌ది హనుమకొండ, పక్క బిల్డింగ్‌లో ఉండే ఇద్దరబ్బాయిలది భీమవరం. ఐదో మనిషి గుంటూరు అమ్మాయి, కొలోన్‌లో ఒక ప్రైవేటు యూనివర్సిటీలో చదువుతోంది. వాళ్ల ఫీజులో ఈ టికెట్ లేదు. ఆ తేడా మాకు మొదట్లో తెలియలేదు. అక్టోబరు, నవంబరు రెండు నెలలూ మేం ఎక్కడికి రమ్మన్నా "అసైన్‌మెంట్ ఉందే, మీరెళ్లి రండి" అనేది. మేం కొలోన్ స్టేషన్‌లో రైలు మారుతూ, ఎదురుగా ఆకాశంలోకి లేచిన ఆ పెద్ద చర్చి గోపురాలు చూస్తూ ఫోన్ చేసినా అదే మాట. మాకు రైలు ఖర్చు అప్పటికే కట్టేసిన డబ్బు. తనకి ప్రతిసారీ కొత్త ఖర్చు. ఆ సంగతి మాకెవరికీ తట్టలేదు.

జనవరిలో తనకి బేకరీలో పని దొరికింది. రోజూ ఊరి ఆ చివరికి వెళ్లాలి కాబట్టి 58 యూరోలు పెట్టి డీ-టికెట్ తీసుకుంది. ఆ శనివారమే ఫోన్ చేసి, "రేపు ఎక్కడికైనా పోదామా?" అని తనే అడిగింది. అది విని మా హనుమకొండ అమ్మాయి "అరే, ఇన్ని రోజులు టికెట్ లేకనే రాలేదా నువ్వు? చెప్తే అయిపోతుండె గదా!" అని బాధపడింది. నాకూ గొంతు పట్టేసింది. అప్పటినుంచి ఎక్కడికెళ్లినా ఐదుగురం వెళ్లాం. ఎవరి దగ్గర ఎంతుందో అడగాల్సిన పని లేదు, ఎవరు ఎవరికి ఎంత ఇవ్వాలో రాసుకోనక్కర్లేదు. ఈ టికెట్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది అదే.

ఇప్పటికి ఎన్నో ఊళ్లు తిరిగాం కానీ మళ్లీ మళ్లీ వెళ్లేది రైన్ నది లోయకే. పొద్దున్నే జీగెన్‌లో ఆర్‌ఈ9 ఎక్కితే గంటన్నరలో కొలోన్. అక్కడ గుంటూరు అమ్మాయి ప్లాట్‌ఫామ్ మీద ఎదురు చూస్తుంటుంది. అక్కడినుంచి ఆర్‌బీ26, మైంజ్ దాకా వెళ్లేది. ప్రతి చిన్న స్టేషన్‌లో ఆగుతుంది. కొలోన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి ఐసీఈలో గంట పైచిలుకులో వెళ్లిపోవచ్చు. కానీ 2002లో తెరిచిన ఆ హైస్పీడ్ లైను హైవే పక్కనుంచి, సొరంగాల్లోంచి పోతుంది. రైన్ లోయలోకే రాదు. మన ఆర్‌బీ మాత్రం నది పక్కనే మెలికలు తిరుగుతూ పోతుంది. తక్కువ డబ్బుకి ఎక్కువ దృశ్యం దొరికే రైలు ఇదే.

కోబ్లెంజ్ దాకా ఊళ్లు, ఫ్యాక్టరీలు, తోటలు కలగలిసి వస్తాయి. అక్కడ మోజెల్ నది రైన్‌లో కలుస్తుంది. ఒకసారి దిగి ఆ సంగమం చివరిదాకా నడిచి వెళ్లాం. రెండు నీళ్ల రంగులూ పక్కపక్కన కాసేపు విడిగా సాగాయి. కోబ్లెంజ్ దాటాక కొండలు దగ్గరికి జరుగుతాయి. అక్కడినుంచి బింగెన్ దాకా సుమారు 65 కిలోమీటర్ల లోయని 2002లో యునెస్కో వారసత్వ స్థలంగా గుర్తించింది. రెండు వైపులా నిటారు వాలు మీద ద్రాక్షతోటలు, కొండకొమ్ముకొక కోట. కౌబ్ అనే ఊరి దగ్గరైతే నది మధ్యలో, నీళ్లలోనే ఒక కోట నిలబడి ఉంటుంది. లోరెలై కొండ 132 మీటర్ల ఎత్తు. దాని కింద నది ఇరుకై ఒక్కసారిగా మలుపు తిరుగుతుంది. బొగ్గు, కంటైనర్లు మోసే పొడుగాటి పడవలు ఆ మలుపులో నెమ్మదిగా తిరగడం చూస్తూ నేను మాట్లాడటం మానేశాను. చిన్నప్పుడు నాన్నతో లాంచీలో వెళ్లిన పాపికొండలు గుర్తొచ్చాయి. నీళ్లు అంత వెడల్పు లేవు, కొండల మీద అడవి బదులు తోటలున్నాయి. కానీ లాంచీ మలుపు తిరిగితే ముందు దారి మూసుకుపోయినట్టు కనిపించి, దగ్గరికెళ్లాక మళ్లీ తెరుచుకుంటుంది చూడండి, అది మాత్రం అచ్చంగా అంతే.

ఆ రోజు బాఖరాఖ్ అనే ఊళ్లో దిగాం. చెక్క దూలాలు పైకి కనిపించే పాత ఇళ్లు, వాటి వెనక మెట్లెక్కితే ద్రాక్షతోటల్లోకి దారి. మేం డబ్బాల్లో పులిహోర, ఆలూ వేపుడు, పెరుగన్నం తీసుకెళ్లాం. ఇక్కడ ఆదివారం సూపర్‌మార్కెట్లన్నీ మూసేస్తారు. చిన్న ఊళ్లలో స్టేషన్ దగ్గర కూడా ఏమీ దొరకదు. తిండి ఇంటినుంచే పట్టుకెళ్లాలి. నది ఒడ్డున బెంచీ మీద ఐదుగురం తింటుంటే భీమవరం అబ్బాయి ఒకడు "ఆవకాయ తేవడం మర్చిపోయాం" అన్నాడు, గుంటూరు అమ్మాయి బ్యాగులోంచి చిన్న సీసా తీసి పెట్టింది. పనిలో చేరడానికి ముందు తను రోజుకి ఒక్క పూటే వండుకునేదని వచ్చేటప్పుడు రైల్లో చెప్పింది. ఎదురెదురు సీట్లలో రెండు గంటలు కూర్చుంటే తప్ప ఇలాంటి మాటలు బయటికి రావు.

ఇక ఇబ్బందులు. రైళ్ల ఆలస్యం నిజంగా పెద్ద సమస్య, దాన్ని తేలిగ్గా చెప్పలేను. ఒక ఆదివారం రాత్రి మా రైలు 70 నిమిషాలు ఆలస్యమై జీగెన్ వెళ్లే కనెక్షన్ పోయింది. పొద్దున 8 గంటలకి ల్యాబ్. కొలోన్‌లో గుంటూరు అమ్మాయి చిన్న గదిలో నేలమీద పడుకుని, తెల్లవారుజామున లేచి బయల్దేరాం. ఈ టికెట్ మీద 60 నిమిషాలకి పైన ఆలస్యమైతే వచ్చే పరిహారం 1.50 యూరో. పైగా 4 యూరోల లోపు మొత్తం చెల్లించరు. అంటే మూడు ఆలస్యాలు పోగేసి ఒకేసారి దరఖాస్తు పెట్టుకోవాలి. ఇది అన్యాయమనే నా అభిప్రాయం. మర్నాడు పరీక్ష గానీ, పని షిఫ్టు గానీ ఉంటే చివరి రైలుని నమ్ముకోకండి. దానికి ముందు రైలుకే బయల్దేరండి.

శని, ఆదివారాల్లోనే ట్రాక్ పనులు ఎక్కువగా పెడతారు. రైలు బదులు బస్సు వేస్తారు, దాంతో టైమింగ్ అంతా తారుమారవుతుంది. ముందురోజు రాత్రే రైల్వే యాప్‌లో చూసుకోవాలి. డీ-టికెట్ చెల్లే రైళ్లనే చూపించే ఆప్షన్ అందులో ఉంటుంది, అది పెట్టుకుంటే పొరపాటున ఐసీ ఎక్కే ప్రమాదం ఉండదు. కొలోన్‌లో ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్న రోజు మాత్రం నిలబడటానికి కూడా చోటుండదు, ఈ రైళ్లలో రిజర్వేషన్ లేదు.

నెలనెలా కొనుక్కునేవాళ్లు ఒక్క తేదీ గుర్తుంచుకోవాలి. ఇది సబ్‌స్క్రిప్షన్. ఆపాలంటే ఆ నెల 10వ తేదీలోపు రద్దు చేయాలి. మా గుంటూరు అమ్మాయి ఆగస్టులో ఇంటికి వెళ్తూ 12న చూసుకుంది. సెప్టెంబరంతా గుంటూరులోనే ఉన్నా 58 యూరోలు కట్టాల్సి వచ్చింది. టికెట్ పేరు మీద ఉంటుంది, ఇంకొకరికి ఇవ్వడానికి లేదు. తనిఖీలో ఐడీ చూపించమంటారు. ఫోన్ ఛార్జింగ్ అయిపోతే చూపించడానికి టికెట్టే ఉండదు కాబట్టి పవర్ బ్యాంక్ లేకుండా నేను గడప దాటను.

పని రోజుల్లో రైలు అవసరం లేకుండా క్యాంపస్ పక్కనే ఉంటూ, నెలకోసారి మాత్రమే బయటికి వెళ్లేవాళ్లు 63 యూరోలు పెట్టక్కర్లేదని నా సలహా. అలాంటివాళ్లకి ఐదుగురి దాకా కలిసి వాడుకునే రాష్ట్రాల టికెట్లు ఉన్నాయి, ఆ ఒక్క రోజుకి అవే చవక. మిగతా అందరికీ, ముఖ్యంగా సెమిస్టర్ ఫీజులో ఇప్పటికే కట్టేసినవాళ్లకి, ఒక్క ఆదివారం కూడా వృథా చేయొద్దనే చెబుతాను.

మొదటిసారి వెళ్తుంటే ఆర్‌బీ26లో కొలోన్ నుంచి పోయేటప్పుడు ఎడమ వైపు కిటికీ దగ్గర కూర్చోండి, నది అటే ఉంటుంది. తిరిగొచ్చేటప్పుడు కుడి వైపు.