అమ్మ పుప్పిగోరుకి అమొరాల్ఫిన్ లాకర్: నిదానమే, కానీ పనిచేస్తోంది

మా అమ్మకి షుగర్. కాలి బొటనవేలి గోరు చివర పసుప్పచ్చగా మారి, దళసరిగా పైకి లేచి, కత్తిరిస్తుంటే పొడిపొడిగా రాలేది. కాళ్లకి గోరింటాకు పెట్టుకునే అలవాటు కదా, ఆ ఎరుపు కింద రంగు మారిన సంగతి చాలాకాలం ఎవరికీ కనపడలేదు.

స్కిన్ డాక్టరు గారు చూడగానే మందు రాయకుండా గోరు కొంచెం గీకి, ఫంగస్ ఉందో లేదో చూసే కేఓహెచ్ పరీక్షకి పంపారు. సోరియాసిస్ ఉన్నా, దెబ్బ తగిలినా గోరు ఇలాగే అవుతుందట. ఫంగస్ అని తేలాకే అమొరాల్ఫిన్ 5 శాతం నెయిల్ లాకర్, అంటే గోళ్లరంగులా పూసే ఫంగస్ మందు, ఇచ్చారు. అలాంటి డాక్టరు దొరకడం మా అదృష్టం.

గోళ్లరంగు సీసా కన్నా చిన్నది, ధర మాత్రం ఎక్కువే. వారానికి ఒక్కసారే కాబట్టి చాలా రోజులొస్తుంది. ఆదివారం అమ్మ తలస్నానం చేశాక నేనే వేస్తాను. పాత పూత తుడిచేసి, గోరు పైభాగం ఫైలుతో అరగదీసి, స్పిరిట్ దూదితో శుభ్రం చేసి, పలచగా పూసి అయిదు నిమిషాలు ఆరనివ్వాలి. ఆ ఫైలు మంచి గోళ్లకి అసలు తగలకూడదు. అమ్మకి మంట లేదు, కాస్త ఘాటు వాసన, అంతే.

ఓపిక ఉంటేనే కొనండి. పాడైన గోరు తిరిగి బాగుపడదు, వెనకనుంచి కొత్త గోరు పెరిగి దాన్ని తోసేయాలి. బొటనవేలికి ఏడాది పైనే పట్టొచ్చు. సంక్రాంతికి మొదలుపెడితే దసరాకి సగానికి పైగా తేటగా వచ్చింది. జబ్బు గోరు మొదలు దాకా పాకితే పూత ఒక్కటే చాలదు. అప్పుడు టెర్బినాఫిన్ మాత్రలు, వాటికి ముందు లివర్ పరీక్ష ఉంటాయి.

వేళ్ల సందులు తెల్లగా నాని దురద పెడుతుంటే అదీ చాలాసార్లు ఫంగసే. దానికి వేరే మందు వాడకపోతే గోరుకి మళ్లీ పట్టుకుంటుంది. అమ్మ ఇప్పుడు మట్టెలు జరిపి మరీ తడి తుడుచుకుంటుంది. తన నెయిల్ కట్టర్ వేరుగా పెట్టాం. షుగర్ ఉన్నవాళ్లకి కాలి మీద చిన్న పగులు కూడా పుండయ్యే ప్రమాదం ఉంది, గోరే కదా అని వదిలేయకండి.

మెడికల్ షాపులో లాకర్ అని గట్టిగా చెప్పండి. ఇదే పేరుతో క్రీమ్ కూడా ఉంది, అది చర్మానికి. గోరులోకి దిగదు.