సైన్⁻¹, ఆర్క్‌సైన్: ఏ రాత మేలు?

సైన్ విలువ తెలిస్తే కోణం కనుక్కోవడానికి రెండు రాతలు వాడుకలో ఉన్నాయి. నా ఓటు ఆర్క్‌సైన్‌కే.

సైన్⁻¹ని 1813లో ఇంగ్లిష్ గణితజ్ఞుడు జాన్ హెర్షెల్ ప్రవేశపెట్టాడు. ఫంక్షన్‌ను వరసగా రెండుసార్లు ప్రయోగిస్తే పైన 2, వెనక్కి తిప్పితే −1 అన్నది ఆయన పద్ధతి. ఆ ఆలోచనలో తప్పేమీ లేదు. చిక్కంతా సైన్²తో వచ్చింది. దాన్ని అందరం సైన్ విలువకు వర్గంగానే చదువుతాం. మరి అదే చోట −1 కనిపిస్తే విద్యార్థి ‘1 బై సైన్’ అనుకోడా? అనుకుంటే లెక్క ఎంత దూరం పోతుందో చూడండి: రేడియన్లలో సైన్⁻¹(0.5) సుమారు 0.5236, 1/సైన్(0.5) మాత్రం సుమారు 2.086. ఇలా మార్కులు పోగొట్టుకున్న పిల్లలను తప్పుపట్టడం అన్యాయం.

ఆర్క్‌సైన్‌తో ఆ టెన్షన్ లేదు. వ్యాసార్థం 1 ఉన్న వృత్తంలో ఆ సైన్ ఇచ్చే చాపం (ఆర్క్) పొడవే జవాబు; బొమ్మ గీసి చూపించొచ్చు. రాయడానికి కాస్త పొడుగు, అంతే. ఏ ఫంక్షన్‌కైనా పనికొచ్చే సౌలభ్యం −1కే ఉందన్నది నిజం. కానీ త్రికోణమితిలో ఆ చోటును ఘాతాంకాలు ఎప్పుడో ఆక్రమించేశాయి.

క్యాలిక్యులేటర్ బటన్ల మీద సాధారణంగా సైన్⁻¹ అనే ఉంటుంది. అది భాగహారం కాదని పిల్లలకు మొదటి రోజే చెప్పాలి.