పోకెమాన్: రెడ్ నుంచి స్కార్లెట్ దాకా ఆడినాక

జీవాలను పట్టి, పెంచి, పోరాడించే వీడియో గేముల వరస పోకెమాన్. అందులో ఏ ఆట గొప్పదని అడిగితే ఎవురికి వాళ్లు తాము మొదట ఆడినదాని పేరే చెప్తారు. రెడ్, బ్లూ అభిమానులైతే మరీను. 1996లో జపాన్‌లో వచ్చిన ఆ 151 జీవాల ఆట ఊహగా గొప్పదే, లెక్కల్లో మాత్రం బొక్కలు చాలా ఉన్నాయి. వంద శాతం తగలాల్సిన దెబ్బ 256లో ఒకసారి ఊరికే తప్పిపోతుంది. ఫోకస్ ఎనర్జీ అనే మూవ్ (పోరులో వేసే ఎత్తు) వేస్తే క్రిటికల్ దెబ్బలు, అంటే మామూలుకన్నా గట్టిగా పడేవి, పెరగాలి, అవి కాస్తా నాలుగో వంతుకు పడిపోతాయి. ఘోస్ట్ టైపు (జాతి) దెబ్బ సైకిక్ టైపు మీద గట్టిగా పడుతుందని ఆటలోనే చెప్తారు, వేసి చూస్తే అసలు తగలదు. అందుకే స్పెషల్ 135, స్పీడ్ 120 ఉన్న సైకిక్ జీవం అలకజామ్‌కు ఆ రోజుల్లో అడ్డే లేదు.

పట్టిన జీవాలను దాచే బాక్సుల సంగతి ఇంకో తలనొప్పి. ఒక్కో బాక్సులో 20 పడతాయి, నిండితే మనమే కంప్యూటర్ దగ్గరికి పోయి మార్చుకోవాలి. చేతిలో ఆరు, బాక్సులో ఇరవై ఉంటే సెరూలియన్ గుహలో మ్యూటూ అనే అరుదైన జీవం ముందు నిలబడినా బంతి విసరనివ్వదు. గుహలోకి పోకముందే ఖాళీ బాక్సు పెట్టుకోండి.

అసలు మార్పు ఏదంటే 2006 నాటి డైమండ్, పెర్ల్ దగ్గర వచ్చిందే. 3డీ బొమ్మలూ మెగా ఇవల్యూషన్లూ (పోరులో కాసేపు రూపం మారడం) దాని తర్వాతే. అంతకుముందు దెబ్బ ఫిజికలా (అటాక్ అంకె మీద లెక్క) స్పెషలా (స్పెషల్ అంకె మీద లెక్క) అన్నది టైపును బట్టి ఉండేది: నీళ్లు, నిప్పు, మంచు, కరెంటు అన్నీ స్పెషల్. హిట్‌మోన్‌చాన్‌నే తీసుకోండి. పిడిగుద్దుల మొనగాడు, అటాక్ 105. కానీ ఫైర్ పంచ్, ఐస్ పంచ్, థండర్ పంచ్ మూడూ దాని 35 స్పెషల్ మీద లెక్క అయ్యేవి. గుద్దేది చెయ్యే అయినా బలం చేతిది కాదన్నమాట! గ్యారడోస్‌దీ అదే గోస: రెండో తరం గోల్డ్, సిల్వర్‌లో స్పెషల్‌ను దాడికొకటి, కాపుకొకటి అని రెండుగా చీల్చేసరికి అటాక్ 125 అట్టాగే ఉండిపోయి, స్పెషల్ అటాక్ 60కి పడింది. వాటర్‌ఫాల్ అనే నీటి మూవ్ వేసినా చప్పగానే ఉండేది. నాలుగో తరంలో (అదే డైమండ్, పెర్ల్) ప్రతి మూవ్‌కూ విడిగా ముద్ర వేశాక అదే వాటర్‌ఫాల్ 125 మీద పడడం మొదలైంది. పాత మూడో తరం రూబీ, ఎమరాల్డ్ ఆడేవాళ్లు మూవ్ ఎంచుకునేముందు ఈ తేడా గుర్తుపెట్టుకోకపోతే టీమంతా తప్పుగా కడతారు.

పాత కార్ట్రిడ్జ్ (ఆట ఉండే డబ్బీ) కొనేవాళ్లకు రెండు మాటలు. గోల్డ్, సిల్వర్‌లో లోపలి గడియారమూ సేవ్ చేసిన ఆటా రెండూ ఒకే సీఆర్2025 సెల్లు మీద నడుస్తాయి. సెల్లు చస్తే సేవ్ పోతుంది, పాతది ఊడబీకినా పోతుంది. కాబట్టి కార్ట్రిడ్జ్ రీడర్‌తో ముందు కాపీ తీసుకున్నాకే చెయ్యి పెట్టాలి. వాచీల షాపులో దొరికే ఉత్త సెల్లు పనికిరాదు, అంచుల్లో రేకులు అతికించినది కావాలి. ఉత్త సెల్లుకు నేరుగా సోల్డరింగ్ చేస్తే వేడికి సెల్లు దెబ్బతింటుంది, పగిలినా పగలొచ్చు. టేపుతో అంటిస్తే ఓ కుదుపుకు పట్టు వదిలి సేవ్ మాయం. రూబీ, సఫైర్, ఎమరాల్డ్‌లో ఆ భయం లేదు. సెల్లు చస్తే బెర్రీలు పెరగడం లాంటి గడియారం పనులే ఆగుతాయి, ఆట మాత్రం నిలుస్తుంది.

మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రతీరాల పక్కన ఉండేవాళ్లు కార్ట్రిడ్జ్‌ను విడిగా వదిలేస్తే ఉప్పుగాలికి దాని లోహపు కాళ్లు పచ్చబడతాయి. నోటితో ఊదొద్దు, తేమ ఇంకా ఎక్కుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిచి, ఆరాకే పెట్టండి. చవగ్గా వచ్చే ఎమరాల్డ్‌లలో నకిలీలే ఎక్కువ. అసలుదాని లేబుల్ మీద రెండంకెలు అచ్చు గుద్దినట్టు లోపలికి నొక్కి ఉంటాయి, వెలుతురుకు పక్కగా తిప్పితే కనబడతాయి.

సౌకర్యాలు పెరిగేకొద్దీ కొన్ని మంచి పనులూ జరిగాయి. కట్, స్ట్రెంత్ లాంటి హెచ్‌ఎంలు (దారి తెరవడానికి తప్పనిసరైన మూవ్‌లు) మోయడానికే టీమ్‌లో బిబారెల్ అనే జీవాన్ని పెట్టుకునేవాళ్లం, పోరుకు కాదు, ఉత్త చాకిరీకి. 2016 సన్, మూన్‌తో ఆ బెడద వదిలింది. అదే ఏడు డిసెంబరులో ఫోన్ ఆట పోకెమాన్ గో మన దేశానికి వచ్చింది గానీ, అది నడక ఆట. మన చిన్న ఊళ్లలో ఆటకు సరుకులిచ్చే స్టాపులు పలచన, ఇక్కడ దాన్ని కలపను.

నాకు గిట్టనిది ఎక్స్‌పీ షేర్, అంటే పోరు అనుభవాన్ని టీమంతటికీ పంచే ఏర్పాటు. ఎక్స్, వై ఆటల్లో దాన్ని ఆపుకునే వీలుండేది. 2019 స్వోర్డ్, షీల్డ్ నుంచి ఆపే మీటే తీసేశారు. పోరాడినదానికీ పక్కన కూర్చున్నదానికీ అనుభవం వచ్చి పడుతుంది, జిమ్‌కు (ఊరి నాయకుడితో పోటీపడే చోటు) పోయేసరికి మన లెవెల్ నాయకుణ్ని దాటేసి ఉంటుంది. విరుగుడు ఒకటే: బాక్సు ఎక్కడైనా తెరుచుకుంటుంది కాబట్టి ఎనిమిదీ తొమ్మిదీ జీవాలను పెంచుకుంటూ, చేతిలో నాలుగే ఉంచి తిప్పుతూ ఆడడం.

2022 స్కార్లెట్, వయొలెట్‌లో జిమ్‌లకు ఏ దారిన అయినా పోవచ్చంటారు. పోవచ్చు, కానీ నాయకుల లెవెళ్లు మనతోపాటు మారవు, మ్యాపులో అవెంతో రాసీ ఉండదు. సుఖంగా సాగాలంటే వరస ఇది (నాయకుడి పేరు, వాళ్ల జీవాల్లో పెద్ద లెవెల్): కేటీ 15, బ్రాసియస్ 17, అయోనో 24, కోఫు 30, లారీ 36, రైమ్ 42, ట్యులిప్ 45, గ్రూషా 48. దక్షిణపు కొండలు చూసి ముచ్చటపడి ముందుగా ట్యులిప్ ఊరికి ఎక్కారనుకోండి, ఎట్టాగో గెలిచినా, తిరిగొచ్చి కేటీ ముందు నిలబడితే ఆమె టెడ్డియుర్సా ఒక్క దెబ్బకు పడిపోతుంది, మ్యూజిక్ సగం కూడా వినబడదు.