కండోనేషన్ కట్టాలా, జూనియర్లతో కూర్చోవాలా?

షార్టేజ్ లిస్టు, అంటే హాజరు తగ్గినవాళ్ల జాబితా, నోటీసు బోర్డెక్కిన రోజు నుంచీ ఒకటే ప్రశ్న: హాజరు 67 శాతం ఉంది, కండోనేషన్ (తగ్గిన హాజరును మన్నించమని కట్టే ఫీజు) కట్టి పరీక్ష రాయాలా, సెమిస్టర్ వదిలేసి వచ్చే ఏడు రీఅడ్మిషన్ తీసుకుని అదే సెమిస్టర్ జూనియర్లతో మళ్లీ చదవాలా? తిరుపతి, పుత్తూరు, చిత్తూరు వైపు జేఎన్‌టీయూ అనంతపురం కింద ఉన్న బీటెక్ కాలేజీల సంగతి ఇది. అటానమస్ (స్వయంప్రతిపత్తి ఉన్న) కాలేజీ అయితే సొంత రెగ్యులేషన్ పుస్తకం తిరగేయండి, తేడాలుండొచ్చు.

75, 65 గీతలు అందరికీ తెలిసినవే: 75 శాతం ఉంటే నేరుగా పరీక్ష, 65కీ 75కీ మధ్య ఉంటే కండోనేషన్, 65కి తగ్గితే అదీ లేదు. చాలామంది మరిచిపోయేది మూడో గీత: మొత్తం మీద 75 దాటినా ఏ ఒక్క సబ్జెక్టులోనూ 40కి తగ్గకూడదు. బస్సు పేరు చెప్పి మొదటి పీరియడ్ వదిలేసేవాళ్లు దొరికిపోయేది ఇక్కడే.

ముందు లెక్క వేసుకోండి. జరిగిన పీరియడ్లను మూడుతో, హాజరైనవాటిని నాలుగుతో హెచ్చవేసి, మొదటి దాంట్లోంచి రెండోది తీసేయండి. 300 జరిగి 198కి వెళ్లారంటే 900లోంచి 792 పోగా 108. ఆ 108 పీరియడ్లూ వరసగా, ఒక్కటీ పోకుండా వింటేనే 75కి చేరతారు. రోజుకు ఏడు చొప్పున పదహారు పనిదినాలు. ఆ పదహారు రోజులూ మిగిలి ఉంటే ఈ ప్రశ్నే అక్కర్లేదు. గంగమ్మ జాతర వారమంతా ఊళ్లో తిరిగొచ్చి ఈ లెక్క వేస్తే మాత్రం లాభం లేదు.

రోజులు మిగల్లేదు, 65 మాత్రం దాటింది. అప్పుడు అందరూ హాజరు శాతమే చూస్తారు. చూడాల్సింది ఇంటర్నల్స్, అంటే సెమిస్టర్ మధ్యలో పెట్టే మిడ్ పరీక్షల్లాంటివాటి మార్కులు. 30కి వచ్చిన ఆ మార్కులు సప్లీలో (తప్పిన సబ్జెక్టు మళ్లీ రాసే పరీక్షలో) కూడా మీ వెంటే వస్తాయి. ఇంటర్నల్స్ 22 ఉన్నవాడికి ఎక్స్‌టర్నల్‌లో (సెమిస్టర్ చివరి పరీక్షలో) కనీస మార్కులు, అంటే 70కి 25 వస్తే గట్టెక్కుతాడు. 6 ఉన్నవాడు మొత్తం 100కి 40 చేరాలంటే 34 తెచ్చుకోవాలి. ఎన్నిసార్లు సప్లీ రాసినా అదే 34. ఇంటర్నల్స్ మెరుగుకు మళ్లీ రిజిస్టర్ చేసుకునే వీలున్నా అది కొద్ది సబ్జెక్టులకే.

అందుకే నా మొగ్గు కండోనేషన్ వైపే. సబ్జెక్టు పోయినా సప్లీకి హాజరుతో పని లేదు, బ్యాచ్ మారదు. జబ్బుచేసి రెండు మిడ్‌లూ సరిగా రాయక, నాలుగైదు సబ్జెక్టుల్లో ఇంటర్నల్స్ ఒంటి అంకెలో ఉంటేనే రీఅడ్మిషన్ మేలు. అక్కడ ఇంటర్నల్స్ కొత్తగా మొదలవుతాయి.

దాని ఖరీదు మాత్రం తక్కువ కాదు. ఆ సెమిస్టర్ మళ్లీ ఏడాదికి గానీ రాదు. ఏ బ్యాచ్‌లో చేరితే ఆ రెగ్యులేషనే వర్తిస్తుంది. ఆర్20లో (2020 రెగ్యులేషన్‌లో) ఆగినవాడు ఆర్23 (2023 రెగ్యులేషన్) పిల్లలతో కూర్చుంటే సిలబస్ మారుతుంది, సమాన సబ్జెక్టుల జాబితా పరీక్షల విభాగంలో రాయించుకోవాలి. క్లాసులు మొదలైన రోజు నుంచే హాజరు లెక్క, కాబట్టి దరఖాస్తు పదిహేను రోజులు ఆలస్యమైతే మళ్లీ షార్టేజ్‌తోనే మొదలు. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కూ 75 శాతం షరతు ఉంది. రెండోసారి చదివే సెమిస్టర్ ఫీజు ఎవరి జేబులోంచో చేరకముందే తేల్చుకోండి. డిగ్రీకి గరిష్ఠ గడువు ఎనిమిదేళ్లు గనుక గడువు దాటుతుందన్న భయం అక్కర్లేదు.

65కి తగ్గితే ఎంచుకోవడానికేమీ లేదు, రీఅడ్మిషనే. ఒక్క సబ్జెక్టునే డ్రాప్ చేసుకోవడం ఐఐటీల్లాంటి చోట్ల మాట, మనకు సెమిస్టర్ మొత్తం ఒకటే కట్ట.

కాలేజీయే మానేద్దామంటే, యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అడ్మిషన్ల చివరి తేదీ దాటిన 15 రోజుల్లోపు 80 శాతం, 30 రోజుల్లోపు సగం ఫీజు వెనక్కొస్తుంది. ఆ తర్వాత పైసా రాదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపే హక్కు కాలేజీకి లేదు.

కండోనేషన్ కట్టేవాళ్లు డబ్బుతో పని అయిపోతుందనుకోకండి, సరైన కారణం, దానికి ఆధారాలు ఉండాలి. జబ్బయితే తిరుపతి రుయా ప్రభుత్వాసుపత్రిలో చూపించుకున్నా, ప్రైవేటులో చూపించుకున్నా ఓపీ చీటీ, డిశ్చార్జి సమ్మరీ, మందుల బిల్లులు తేదీలు కలిసేలా ఉండాలి. క్లాసుకు తిరిగొచ్చిన వారంలోనే జిరాక్స్‌లు హెచ్‌ఓడీకి (బ్రాంచి అధిపతికి) ఇచ్చి, రెండో కాపీ మీద తేదీతో సంతకం పెట్టించుకోండి.