అద్దింటి వంటగది: రెండు వానాకాలాలు గడిచాక ఏది నిలిచింది, ఏది ఊడింది

వాడిన చోటు పాలకొల్లులో ఒక కింది పోర్షను. వంటగది ఎనిమిదడుగులు బై ఏడు. కడప బండ గట్టు, దాని కింద తలుపుల్లేని గూళ్లు, గట్టు మీద రెండడుగుల ఎత్తు వరకు తెల్ల టైల్సు, ఆ పైన సున్నం. ఒక వెంటిలేటరు, గది మధ్యలో ఒక బల్బు, కారే ప్లాస్టిక్ కుళాయి ఒకటి. వాడింది 26 నెలలు, అంటే రెండు నిండు వానాకాలాలు. మొత్తం ఖర్చు 10,570 రూపాయలు. అందులో 2,070 నీళ్లపాలు. ఓనరు గారి షరతు ఒక్కటే: గోడకి మేకు కొట్టకూడదు, ఇల్లు ఎలా ఇచ్చారో అలాగే అప్పజెప్పాలి.

వీడియోల్లో స్టిక్కర్లు అంటించి గంటలో మార్చేసే వంటగదులు పొడి ఊళ్లవండి. డెల్టాలో కింది పోర్షను గోడ ఏడాదిలో సగం రోజులు చెమ్మగానే ఉంటుంది. గోరుతో గీకితే సున్నం పొడిపొడిగా రాలుతుంది. అలాంటి గోడ మీద అంటించింది ఊడుతుంది. బిగించింది, ఆనించింది నిలుస్తుంది. లెక్కంతా చూసుకుంటే తేలింది ఇదే.

అన్నిటికంటే ముందు ఎగ్జాస్ట్ ఫ్యాను. 9 అంగుళాలది, ప్లాస్టిక్ బాడీ, 1,450. ప్లైవుడ్ ముక్క, స్క్రూలకి 250, బిగింపుకి 300. ఇది కొనకుండా మిగతావి కొనడం దండగ. ఎండు నెత్తళ్లు వేయించినా వాసన హాల్లోకి రావడం లేదు. నూనె పొగ గోడకి పట్టకపోవడంతో తుడిచే పనీ బాగా తగ్గింది.

దీనికి గోడకి కన్నం పెట్టక్కర్లేదు. వెంటిలేటరు అద్దం పలకలు తీసి, పాత గుడ్డలో చుట్టి అటక మీద దాచాలి, వెళ్లేటప్పుడు అవే కావాలి. ఆ ఖాళీకి సరిపడా 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క కోయించి, మధ్యలో గుండ్రంగా కన్నం వేయించాలి. తప్పు జరిగేది ఇక్కడే. పెట్టె మీద ఉండే 9 అంగుళాలు రెక్కల కొలత. వెనకున్న రింగు అంతకంటే పెద్దది, కంపెనీకో రకంగా ఉంటుంది. కాగితం మీద కొలత రాసుకెళ్లకుండా ఫ్యానునే వడ్రంగి దగ్గరికి పట్టుకెళ్లండి. ప్లైవుడ్ మీద ఐఎస్ 710 ముద్ర, అంటే నీళ్లకి తట్టుకునే రకం, చూసుకోండి. ఐఎస్ 303 ముద్రతో వచ్చే ఎమ్మార్ రకం వానజల్లుకి పొరలు పొరలుగా విచ్చుకుంటుంది. చిన్న ముక్కే కాబట్టి ధరలో తేడా పెద్దగా ఉండదు. కోసిన అంచులకి రెండు కోట్లు ఎనామిల్ వేసి, చెక్క ఫ్రేముకి నాలుగు స్క్రూలతో బిగిస్తే చాలు. ఖాళీ చేసే రోజున ఆ నాలుగు కన్నాల్లో లప్పం పెడితే కనపడవు.

ఫ్యాను పెట్టినా పొగ పోవట్లేదని చాలామంది అంటారు. చూస్తే ఫ్యాను పక్కనే కిటికీ తీసి ఉంటుంది. ఫ్యాను ఆ కిటికీ గాలినే లాగి బయటికి తోస్తుంది, స్టవ్వు మీద పొగ అక్కడే తిరుగుతుంది. పక్క కిటికీ మూసి, ఎదురుగా ఉన్న తలుపు ఒక జానెడు తీస్తే తేడా రెండు నిమిషాల్లో తెలుస్తుంది. నెలకోసారి ప్లగ్గు పీకి, రెక్కలు ఊడదీసి, లీటరు వేడినీళ్లకి రెండు చెంచాల వాషింగ్ సోడా కలిపి కడగాలి. మోటారుకి తడి తగలకూడదు, పొడి గుడ్డతో తుడవడమే. మూడు నెలలు వదిలేస్తే రెక్కల మీది జిడ్డు ఒక పక్కకి బరువెక్కి ఫ్యాను ఊగుతూ గుయ్యిమంటుంది. ఇన్నాళ్లకి రిపేరు ఏమీ రాలేదు. పదికి తొమ్మిది ఇవ్వచ్చు. ఆ ఒక్క మార్కూ చప్పుడుకి కోత.

లైటుకి 400. వెనక ఉన్న బల్బుకి మన నీడే కత్తిపీట మీద పడుతుంది, చేప పొలుసు మిగిలిందో లేదో కనపడదు. రెండడుగుల 10 వాట్ల ఎల్‌ఈడీ బ్యాటెన్‌ని అటక అంచుకి రెండు సీ క్లాంపులతో బిగించాం. వడ్రంగులు చెక్క పట్టించి ఉంచడానికి వాడేవే, చిన్న సైజు. అటక బండకీ క్లాంపుకీ మధ్య రబ్బరు ముక్క పెట్టాలి, లేకపోతే అంచు పెచ్చు లేస్తుంది. వైరు తెచ్చి ఎక్స్‌టెన్షన్ బాక్సుకి ఇచ్చేయడమే. అదే ఎక్స్‌టెన్షన్ బాక్సుకి ఇండక్షన్ స్టవ్వు మాత్రం పెట్టకండి. 2,000 వాట్ల స్టవ్వు దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది, చిన్న ప్లగ్గు తట్టుకునేది 6. ముందు ప్లగ్గు పచ్చబడుతుంది, తరవాత కరుగుతుంది.

కుళాయి ఇత్తడిది, స్వాన్ నెక్, అర అంగుళం మర, 850. టెఫ్లాన్ టేపు 20. టేపుని మర మొదలు మన వైపు పెట్టుకుని, గడియారం ముల్లు తిరిగే వైపు పది పన్నెండు చుట్లు లాగి చుట్టాలి. ఎదురు చుడితే బిగించేటప్పుడు ఊడి వచ్చేస్తుంది. వేసవిలో కాలువలు కట్టేశాక బోరు నీళ్ల మీద పడతాం కదా, అప్పుడు కుళాయి మూతిలో జల్లెడ తెల్లగా ఉప్పు కట్టి ధార పక్కలకి చిమ్ముతుంది. జల్లెడ విప్పి గిన్నెలో వెనిగరు పోసి రాత్రంతా నాననిస్తే శుభ్రం. వెనిగరు ఒక్క చుక్క కూడా గట్టు బండ మీద పడకూడదు, ఎందుకో కింద చెబుతాను. సింకు కింద పైపు, కప్లింగు, రబ్బరు కాలరు కలిపి 320. ముడతల పైపుని మధ్యలో ఒక వంపు తిప్పి తాడుతో కట్టాలి. ఆ వంపులో నిలిచే నీళ్లే కింది నుంచి వచ్చే కంపుని ఆపుతాయి. పైపు నేలలో దిగే చోట కాలరు లేకపోతే బొద్దింకలకి అదే రాజమార్గం.

ఇక కడప బండ. మార్బుల్ డిజైను స్టిక్కరు మూడు రోల్సు, 900 రూపాయలు, పూర్తిగా వృథా. సింకు పక్క అంచు రెండో నెలలోనే లేచింది, లోపలికి నీళ్లు దూరాయి, వేడి గిన్నె దించిన చోట ముడత పడింది. పీకితే కింద నల్లటి పాచి, జిగురు, బొద్దింక గుడ్లు. అసలు ఆ బండని కప్పక్కర్లేదు, దాని గుణం తెలుసుకుంటే చాలు. కడప బండ సున్నపు రాయి. పులుపు తగిలితే పై మెరుపు పోతుంది. చేపల పులుసు గరిటె పెట్టిన చోట గుండ్రంగా బూడిదరంగు మచ్చ పడేది అందుకే. అది మురికి కాదు, ఎంత తోమినా పోదు. చింతపండు, నిమ్మ, వెనిగరు, బాత్‌రూము యాసిడ్ ఏవీ దాని మీద పడకూడదు. గరిటెకి ఒక పళ్లెం పెట్టుకోవాలి. గిన్నెల సబ్బుతో కడిగి, బాగా ఆరాక, పదిహేను రోజులకోసారి నాలుగు చుక్కల కొబ్బరినూనె గుడ్డతో రుద్ది, పొడి గుడ్డతో గట్టిగా తుడిచేస్తే బండ నల్లగా నిగనిగలాడుతుంది. ఖర్చు సున్నా. నూనె ఎక్కువైతే మటుకు చీమలు పడతాయి.

గట్టుకీ టైల్సుకీ మధ్య సందుకి సిలికాన్ సీలెంటు, 280 మిల్లీలీటర్ల ట్యూబు 220. కొట్టులో ముందుగా చేతికిచ్చేది పులుపు వాసన వచ్చే రకం. సున్నపు రాయికి అది కూడా పడదు, న్యూట్రల్ అని అడిగి తీసుకోండి. సందు గీకి, ఒక రోజంతా ఆరనిచ్చి, రెండు పక్కలా టేపు వేసి, సన్నగా పెట్టి, సబ్బు నీళ్లలో ముంచిన వేలితో ఒకే ఊపున లాగాలి. ఈ పని ఎండల్లోనే చేయాలి. శ్రావణంలో వేసిన రెండడుగులు తొక్కలా ఊడొచ్చాయి. మేలో వేసినది ఇప్పటికీ కదల్లేదు, సందులోంచి వచ్చే ఎర్రచీమల బారు కూడా ఆగింది.

స్టవ్వు వెనక అల్యూమినియం ఫాయిల్ స్టిక్కరు, రెండు రోల్సు 420. టైల్సు మీద ఆర్నెల్లు బాగానే ఉంది. సున్నం మీద వేసినది సున్నం పెచ్చుతో సహా రాలింది. దాని బదులు రేకుల కొట్టులో మూడడుగులు బై రెండడుగుల అల్యూమినియం రేకు, మిల్లీమీటరు మందం, నాలుగంచులూ మడిపించి 700కి చేయించి గోడకి ఆనించాం. ఆదివారం తీసి పెరట్లో కడిగేయడమే. దీనికి వాషింగ్ సోడా వాడకండి, అల్యూమినియం నల్లబడుతుంది. గిన్నెల సబ్బు చాలు.

గూళ్లకి తలుపుల బదులు తెరలు. స్ప్రింగు రాడ్లు మూడు 780, గుడ్డ, కుట్టుకూలి కలిపి 630. ఈ ఊళ్లలో పొట్టు చెక్కతో (పార్టికల్ బోర్డుతో) చేసిన తలుపులు వానాకాలంలో ఉబ్బి బిగుసుకుపోతాయి. తెర అయితే గాలి ఆడుతుంది, బియ్యం డబ్బా చుట్టూ ముక్కిన వాసన రాదు. నున్నటి బండల మధ్య రాడ్డు జారిపోవడం ఒక్కటే గొడవ. కొస రబ్బరుకి పాత సైకిల్ ట్యూబు ముక్క తొడిగితే ఆ గొడవ తీరింది. సిలిండరు గూటికి తెర వేయకూడదు. గ్యాసు గాలి కంటే బరువు, కారితే నేల మీదే పరుచుకుంటుంది. మిగతా తెరలు కూడా నేలకి నాలుగంగుళాలు పైనే ఉండాలి. ఈ పని చేసేటప్పుడే గ్యాసు ట్యూబు మీద తేదీ చూడండి, సురక్ష ట్యూబు ఆయుష్షు ఐదేళ్లు.

స్టీలు ర్యాకులు రెండు, 2,400. వీటి మీద తృప్తి సగమే. అయస్కాంతం అంటకపోతే మంచి స్టీలు అని కొట్టువాళ్లు పరీక్ష పెట్టి చూపిస్తారు. 202 గ్రేడు స్టీలుకీ అంటదు, తుప్పుని మెరుగ్గా తట్టుకునే 304కీ అంటదు, ఆ పరీక్షతో రెండిటికీ తేడా తెలియదు. బిల్లు మీద గ్రేడు రాయించుకోవడమే దారి. మేం తీసుకున్న 202 రకానికి మొదటి వానాకాలంలోనే వెల్డింగు అతుకుల దగ్గర తుప్పు చుక్కలు తేలాయి. నరసాపురం వైపు ఉప్పుగాలి తగిలే ఇళ్లలో ఇంకా ముందే వస్తుంది. గిన్నెలు ఆరబెట్టేదైనా 304 తీసుకోవాల్సింది. పొడి డబ్బాలకి 202 సరిపోతుంది.

అంటించే హుక్కులు 180. టైల్సు మీద గరిటెలు, జల్లెడ మోస్తున్నాయి. అంటించిన రోజంతా ఖాళీగా ఉంచి మర్నాడు తగిలించాలి. మూకుడు బరువు వద్దు. నేల మీద ప్లాస్టిక్ షీటు 750, అదీ దండగే. వారం ఎత్తకపోతే అడుగున చెమ్మ పట్టి బూజు.

ఖాళీ చేసేటప్పుడు స్టిక్కరు జిగురు టైల్సు మీద మిగిలితే కొబ్బరినూనె రాసి అరగంట ఆగి పాత ఏటీఎం కార్డుతో గీకండి, వచ్చేస్తుంది. మొండిదైతే కిరసనాయిలు, అదీ స్టవ్వు ఆపి, సిలిండరు కట్టేశాక. పాత ప్లాస్టిక్ కుళాయిని కవరులో వేసి అద్దం పలకల పక్కనే అటక మీద పెట్టండి. ఇత్తడిది విప్పుకుని అది బిగించి తాళాలు ఇచ్చేయచ్చు.