ముందు సీరిస్‌నా, వెస్టానా?

చేతిలో బైనాక్యులర్ ఉంది, ఓ గ్రహశకలాన్ని వెతికి పట్టుకోవాలని ఉంది. పెద్దది కదా అని ముందు సీరిస్ వైపు మొగ్గడం సహజం. నా ఓటు మాత్రం వెస్టాకే.

పరిమాణంలో సీరిస్‌కి పోటీ లేదు. దాని వ్యాసం సుమారు 940 కిలోమీటర్లు, వెస్టాది 525. కానీ సీరిస్ ఒళ్లంతా నలుపు. మీద పడ్డ వెలుగులో పదో వంతు మాత్రమే తిప్పి పంపుతుంది. వెస్టా 40 శాతం దాకా పంపుతుంది. పైగా దాని కక్ష్య మనకు దగ్గర. సూర్యుడికీ భూమికీ ఉన్న దూరాన్ని 1 అనుకుంటే వెస్టా సగటున 2.36 దూరంలో, సీరిస్ 2.77 దూరంలో తిరుగుతాయి. ఒక చుట్టుకి వెస్టాకు 3.6 ఏళ్లు చాలు, సీరిస్‌కి 4.6 కావాలి. కలిసొచ్చిన ఏడాది, బాగా చీకటి ఉన్నచోట వెస్టా మామూలు కంటికే లీలగా ఆనుతుంది. సీరిస్‌కి బైనాక్యులర్ తప్పదు.

రెండిట్లో ఏదైనా చుక్కలాగే కనిపిస్తుంది. రెండు మూడు రాత్రులు అదే చోటు బొమ్మ గీసుకోండి. జరిగిన చుక్కే మీది.

కథలో మాత్రం సీరిస్‌దే పైచేయి. 1801 జనవరి 1న ఇటలీ ఖగోళ శాస్త్రవేత్త పియాజీ కంటపడి, కొన్ని వారాలకే సూర్యుడి వెలుగులో తప్పిపోయింది. చేతికందిన కాసిని కొలతలతోనే జర్మన్ గణిత శాస్త్రవేత్త గౌస్ దాని కక్ష్య లెక్కగట్టాడు. ఏడాది తిరిగేలోగా అది మళ్లీ దొరికింది!