డిజియాత్ర సేవ: 24 గంటల హామీ ఎంత గట్టిది?

శంషాబాద్ నుంచి ఢిల్లీకో బెంగళూరుకో వెళ్లిన ప్రతిసారీ, రెండేళ్లుగా నేను విమానాశ్రయాల్లో ముఖాన్ని గుర్తుపట్టి లోపలికి పంపే డిజియాత్ర యాప్‌నే వాడుతూ వచ్చాను. వేగం విషయంలో దానికి వంక పెట్టడానికి లేదు. ఆధార్‌తో ఒకసారి నమోదై, సెల్ఫీ దిగి, బోర్డింగ్ పాస్‌ను యాప్‌లోకి ఎక్కించుకుంటే చాలు. ప్రవేశద్వారం దగ్గర బార్‌కోడ్ చూపి కెమెరా వైపు ముఖం తిప్పగానే గేటు తెరుచుకుంటుంది. తెల్లవారుజామున విమానం అందుకోవాల్సిన రోజున, పక్క వరుసలో జనం గుర్తింపు కార్డులు పట్టుకుని బారులు తీరి ఉండగా, ఇది చిన్న సౌకర్యమేమీ కాదు.

2022 డిసెంబర్ 1న ఢిల్లీ, బెంగళూరు, వారణాసిలలో మొదలైన ఈ సేవ మరుసటి ఏడాదే హైదరాబాద్‌కూ విజయవాడకూ వచ్చింది. దీన్ని నడిపే డిజియాత్ర ఫౌండేషన్‌లో ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ వాటా 26 శాతం; మిగిలినది ఢిల్లీ, ముంబయి, హైదరాబాద్, బెంగళూరు, కొచ్చి విమానాశ్రయాల నిర్వహణ సంస్థలది. మన వివరాలు మన ఫోన్‌లోనే ఉంటాయని, విమానాశ్రయానికి పంపినవాటిని విమానం బయలుదేరిన 24 గంటల్లో చెరిపేస్తామని వారి హామీ. నేను యాప్ వేసుకున్నది ఆ మాట నమ్మే.

తర్వాత పౌర విమానయాన శాఖ విధాన పత్రాన్ని తీరిగ్గా చదివాను. భద్రతా అవసరాలను బట్టి చెరిపివేత గడువును మార్చుకునే వీలు వ్యవస్థలో ఉండాలని, భద్రతా సంస్థలకూ ఇతర ప్రభుత్వ విభాగాలకూ అప్పటికి అమల్లో ఉన్న పద్ధతుల ప్రకారం ప్రయాణికుల సమాచారాన్ని ఇవ్వవచ్చని అందులోనే రాసి ఉంది. నా ముఖచిత్రం ఫలానా రోజున చెరిగిపోయిందని తెలిపే సందేశం ఒక్కటీ నాకు ఇంతవరకు రాలేదు. చట్టం కాపాడుతుందనుకుందామంటే, 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 17వ సెక్షన్, అవసరం తీరిన డేటాను చెరిపేయాలన్న బాధ్యత నుంచి ప్రభుత్వ సంస్థలను మినహాయించింది. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తొమ్మిది మంది ఏకగ్రీవంగా చెప్పిన దేశంలో ఈ మినహాయింపు నాకు మింగుడుపడడం లేదు. విదేశీ ప్రయాణాల పీఎన్ఆర్ (టికెట్ బుకింగ్) వివరాలను కస్టమ్స్ శాఖ ఐదేళ్ల వరకు ఉంచుకోవచ్చు. అది చాలా ఎక్కువ కాలమే, కానీ ఆ గడువు కనీసం 2022 నాటి నిబంధనల్లో అచ్చయి ఉంది.

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది మా అమ్మ విషయం. ఒక విమానాశ్రయంలో ఆమె టికెట్ కాగితం, ఆధార్ కార్డు పట్టుకుని మామూలు వరుసలో నిలబడి ఉండగా, చేతిలో ట్యాబ్ ఉన్న కుర్రాడు వచ్చి “అమ్మా, ఒక్కసారి ఇటు చూడండి” అన్నాడు. ఆమె చూసింది, అతను ఫొటో తీసుకున్నాడు. ఇది ఎందుకని నేను అడిగితే “త్వరగా లోపలికి వెళ్లిపోవచ్చు సార్” అన్నాడే తప్ప, డిజియాత్రలో ఇష్టమైతేనే నమోదు కావచ్చునన్న ముక్క అతని నోట రాలేదు. టికెట్ తనిఖీలో అదీ ఒక భాగమేననుకుంది అమ్మ.

సౌకర్యానికి ఐదుకు నాలుగు మార్కులు ఇస్తాను. సమ్మతి అడిగే తీరుకు ఒకటికి మించి ఇవ్వలేను. చెరిపివేత గడువు చట్టంలోకి ఎక్కి, చెరిపినట్లు ప్రయాణికుడికి కబురు అందే ఏర్పాటు జరిగిన రోజున యాప్‌ను మళ్లీ వేసుకుంటాను. అందాకా అరగంట ముందే ఇంట్లో బయలుదేరి, కార్డు చూపించే లోపలికి వెళ్తాను.